పిట్టలకు ఆదితాళం

పెయింటు బకెట్‌ను వాయిద్యంగా మార్చడం నాకెవరూ నేర్పలేదు. ఒళ్లుమంటే నేర్పింది.

ద్రాక్ష రంగు తిరుగుతున్న రోజులవి. కెంచార్లహళ్ళిలోని మా తోట మీదికి తెల్లారేసరికి చిలకలూ గోరింకలూ పిలవని చుట్టాల్లా దిగిపోయేవి. కడుపునిండా తిని పోయినా ఊరుకుందును. గుత్తికొక పండు పొడిచి, రుచి చూసి, పక్క గుత్తికి పోయేవి. పొడిచిన గుత్తిని చిక్కబళ్ళాపురం వ్యాపారి చేత్తో కూడా ముట్టడు. వల కప్పే స్తోమత మాకు లేదు. పక్క తోట వెంకటరాయప్ప పటాకులు కాల్చి చూశాడు. మొదట బెదిరిన పిట్టలు తర్వాత తల కూడా తిప్పడం మానేశాయి.

ఆ తోట నా పంతం. అత్తవారిది తరతరాలుగా గుడి సేవ చేసుకున్న ఇల్లు. మా ఆయన అనిరుద్ధ చింతామణిలో కాలేజీ పాఠాలు చెబుతాడు. మట్టి ముట్టే అలవాటు ఎవరికీ లేదు. ఊరికే బీడు పడి ఉన్న భూమిలో నేనే పట్టుబట్టి తీగ నాటించాను. తొలి కాపు తెగులు పాలైంది. ఈ కాపూ చేతికి రాకపోతే తీగలు పీకించి, గులాబీలు పెట్టేవాళ్లకు భూమి గుత్తకు ఇచ్చేద్దామని ఆయన మెత్తగా చెప్పాడు. ఆయన అరిచిన మాటలు గాలికి పోతాయి, మెత్తగా చెప్పినవి జరుగుతాయి. అందుకే నాకు కాలు నిలవడం లేదు.

ఇంటికి పెయింటు వేసినప్పుడు మిగిలిన పెద్ద బకెట్ ఒకటి, చిన్న బకెట్ ఒకటి తీశాను. జాతరకు కట్టి, తర్వాత ఎవరూ విప్పని ఫ్లెక్స్ గోడకు వేలాడుతుంటే కోసుకొచ్చాను. రెండు బకెట్ల మూతుల మీదా ఫ్లెక్స్ ముక్కలు పరిచి, పాత సైకిల్ ట్యూబును సాగదీసి బిగించి కట్టాను. పెద్ద బకెట్ మీద, చేతులు జోడించి నవ్వుతున్న ఎవరో పెద్దమనిషి ముఖం సరిగ్గా మధ్యకు వచ్చింది. ఆ ముఖం మీదే ఒక్కటిచ్చాను. బొద్దుమంది.

"అమ్మా అంబుజాక్షీ, ఏందమ్మా ఆ బకెట్ అట్ల ఏడుస్తాండాది?"

మా మామగారు చంద్రశేఖర. గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు, కుడిచెయ్యి కండువా కింద దాచుకుని.

ఆయన మృదంగ విద్వాంసులు. మా ప్రాంతపు గుళ్లలో భజన అన్నా కచేరీ అన్నా ఆయన వెనక కూర్చోవలసిందే. పోయిన రామనవమికి వాయిస్తూ వాయిస్తూ ఉండగా కుడిచెయ్యి వణికి, దెబ్బ పడవలసిన చోట పడలేదు. పాడేవాళ్లు సర్దుకున్నారు, వినేవాళ్లకు తెలియను కూడా తెలియలేదు. ఆయనకు తెలిసింది. ఇంటికొచ్చి మృదంగానికి గుడ్డ చుట్టి అటక మీద పెట్టించారు. అప్పటి నుంచి ఒకచోట కూర్చోరు. గుమ్మం నుంచి పెరటికి, పెరటి నుంచి వీధిలోకి తిరుగుతూనే ఉంటారు. ఇంట్లో సంగీతం మాటెత్తితే లేచిపోతారు.

"పిట్టల్ని తోలేకి మామా," అన్నాను. "ఏడ్చినా పర్వాలేదు."

"పిట్టలకైతే మాత్రం? ట్యూబు ఇంకో చుట్టు చుట్టు. ఆ మడత తీసెయ్. అట్ల కాదమ్మా, ఎదురెదురుగా లాగల్ల." ఎడమచేత్తో చూపిస్తూ దగ్గరికి వచ్చేశారు. చిన్న బకెట్ టంగుమనే దాకా వదల్లేదు. పెద్దదానికి గాంభీర్యం చాల్లేదని వంటింట్లోకి వెళ్లి తడిపిన బొంబాయి రవ్వ ముద్ద తెచ్చారు. మృదంగానికి ఎడమవైపు పెట్టినట్టే, ఆ పెద్దమనిషి నుదుటి మీద మెత్తారు. అంతా చేశారుగానీ, దాని మీద ఒక్క దెబ్బ వేయలేదు.

మర్నాడు రెండు బకెట్లూ పందిరి కింద పెట్టుకుని రెండు కర్రలతో మొదలుపెట్టాను. పిట్టలు గుంపుగా లేచాయి. నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు. కాసేపటికి తిరిగొచ్చాయి. గట్టిగా కొట్టాను. పందిరికి లాగిన ఇనప కంబీల మీదికి ఎగిరి కూర్చుని, నేను ఆవర్తనం ముగించి ఊపిరి పీల్చుకునే సందులో దిగి పొడిచి, మళ్లీ మొదలెట్టేలోపు కంబీ ఎక్కాయి. అప్పుడు తెలిసింది, నా చేతులు వాటంతటవే ఆదితాళం వేస్తున్నాయని. పుట్టింట్లో సంగీత పాఠం, అత్తింట్లో మృదంగం. నా చేతికి వేరేది రాదు.

కావాలని తాళం చెడగొట్టి చూశాను. ఆ చెడగొట్టడం కూడా ఒక లెక్కలో పడుతోంది. ఆదివారం మా ఆయన వచ్చి కొట్టాడు. ఆయన ఇంకా ఘోరం, చివర ముక్తాయింపు కూడా వేశాడు. గట్టు మీద వెంకటరాయప్ప పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఏమప్పా, పిట్టలకి కచేరీ పెట్టినారా? సుమ్నే, ఊరికే అట్ల అడ్డదిడ్డంగా కొట్టండప్పా!"

"అదే రావడం లేదప్పా," అన్నాడు మా ఆయన బిక్కముఖంతో.

నవ్వడానికి వెంకటరాయప్పకు తీరిక ఉందిగానీ కొట్టడానికి లేదు. తాళం తెలియని మనిషినెవరినైనా పెడదామంటే కూలివాళ్లంతా టమేటా కోతల్లో ఉన్నారు. పొడుపు పడిన గుత్తులు రోజూ బుట్టల్లో తీసి పారేస్తున్నాను. ఆ సాయంత్రం మా ఆయన పొడిచిన గుత్తినొకదాన్ని తిప్పి చూసి, "గులాబీవాళ్లకు ఫోన్ చేయనా?" అన్నాడు, మెత్తగా. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే ఓడిపోయినట్టవుతుందని మింగాను.

మర్నాడు మామగారు మజ్జిగ చెంబుతో తోటకొచ్చారు. ఇంట్లో నిలవలేక వచ్చారని తెలుస్తూనే ఉంది. నేను కొడుతున్నాను. కంబీ మీద ఒక చిలక నా తాళానికి తల ఊపుతోంది. దాన్ని చూశారు. ముఖం ఎర్రబడింది.

"తాళం యాడ తిరిగి మొదలైతాదో, సమం యాడ వస్తాదో దీనికి తెలిసిపోయిండాది చూడు! లెయ్యమ్మా నువ్వు."

కర్రలు అవతల పారేసి బకెట్ల ముందు చతికిలబడ్డారు. కండువా జారిపోయింది. ఎడమచెయ్యి రవ్వ మెత్తిన బకెట్ మీద పడింది, రాయిలాగా, చోటు తప్పకుండా. కుడిచెయ్యి లేచింది, వణికింది, ఒకటి పడవలసిన చోట రెండు పడ్డాయి. తర్వాత ఏమీ పడలేదు. తర్వాత ఆలస్యంగా, ఎవరూ అనుకోని చోట, టంగ్.

పిట్టలన్నీ లేచిపోయాయి. గట్టు దాటి, వెంకటరాయప్ప తోట దాటి పోయాయి. కాసేపటికి రెండు గోరింకలు తిరిగొచ్చి కంబీ మీద సందు కోసం చూశాయి. సందు ఎక్కడుందో వాటికి అంతుపట్టలేదు. దిగబోయినప్పుడల్లా టంగుమంది. చివరికి అవీ పోయాయి.

తోట దక్కిందని గుండె గంతులేసింది. మరుక్షణం మామగారి ముఖం చూసి నా మీద నాకే అసహ్యం వేసింది. ఆయన కొట్టడం ఆపి కుడిచెయ్యి వంక చూసుకుంటున్నారు. మజ్జిగ చెంబు అందించాను. తీసుకోలేదు.

"ఈ చెయ్యి తర్వాతి దెబ్బ యాడ వేస్తాదో నాకే తెల్దు," అన్నారు. "పిట్టలకేం తెలుస్తాది?"

నాకు కళ్లు నిండిపోయాయి. "వద్దు మామా, లేవండి. తోట పోతే పోయింది," అన్నాను. నిజంగానే అన్నాను.

"సుమ్నే ఉండమ్మా. ఆ చిన్న బకెట్ ఇట్ల జరుపు."

కోత దాకా ఆయన రోజూ వచ్చారు. చెయ్యి దాచుకోలేదు. గట్టు మీద పోయేవాళ్లు ఆగి చూసినా పట్టించుకోలేదు. వ్యాపారి మనుషులు వచ్చి గుత్తులు కోసి క్రేట్లు నింపుతుంటే మా ఆయన వాటిని ఒక్కొక్కటే లారీకి అందించాడు. గులాబీల మాట ఎత్తలేదు. లారీ కదిలింది. పందిరి మీద ఆకులు తప్ప ఏమీ మిగల్లేదు. ఆ ఖాళీ పందిరి కింద ఇంకా టంగ్ టంగ్ వినిపిస్తూనే ఉంది.

దగ్గరికి వెళ్లాను. "మామా, కోత అయిపోయింది. ఇంక చాలు."

"పిట్టలకి చాలమ్మా," అన్నారు తలెత్తకుండా. "నాకింకా చాల్లేదు."

ఆయన పారేసిన కర్రలు వెతికి తెచ్చుకుని, క్రేటు ఒకటి బోర్లించి, నేనూ పక్కన కూర్చున్నాను. ఆయన దెబ్బల వెంట పోదామని చూశాను. అవి నా చేతికి అందలేదు.