కాటుకకు చావు లేదంటారు

బడి వార్షికోత్సవంలో మా అంజలి కోలాటం ఆడాలి. ఆడపిల్లలందరికీ ఒకే కాటుక పెన్సిలుతో కళ్ళు దిద్దుతారని విన్నాక నాకు అన్నం సహించలేదు. ఒకరి కంటి జబ్బు ఇంకొకరికి అంటుకుంటే? అందుకని ఇంట్లోనే దిద్ది పంపాలనుకున్నాను. నా పెళ్ళికి కొన్న పెన్సిలు ఒకటి బీరువాలో, చీరల మడతల్లో ఉంది. దానికి ఇంకొకరి చెయ్యి తగలనివ్వలేదు.

మూత తీస్తే మొన ఎండిపోయి ఉంది. తారీఖు ఎప్పుడో అరిగిపోయింది. పాతదైపోయిందేమోనని మా అత్త సుంకమ్మను అడిగాను.

"కాటుకకు చావుందా సువర్ణా? ఆముదం దీపానికి పట్టిన కాటుక మా యమ్మ పెట్టుకునె, నేనూ పెట్టుకుంటి" అంది.

మొన తడపాలి. ముదిగుబ్బలో మా వీధికి వచ్చేవి ట్యాంకరు నీళ్ళు. తొట్టి అడుగున ఎర్రటి ఒండు పేరుకుని ఉంటుంది. ఆ నీళ్ళు బిడ్డ కంట్లో పడితే ఎలాగని భయం వేసింది. మొనను నా నాలుక మీద తడిపి, కంటి లోపలి అంచున గీశాను. అదే పెన్సిలుతో అరికాలికి దిష్టిచుక్క కూడా పెట్టాను.

మర్నాటికి ఎడమ కన్ను ఎర్రబడింది. ఆ పైరోజు నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ తేలింది. అనంతపురం కంటి ఆసుపత్రికి తీసుకొచ్చాం.

కంటికి ఏం తగిలిందని డాక్టరమ్మ అడిగింది. పెన్సిలు చూపించి, నాలుక సంగతి కూడా చెప్పాను. ఆమె కసురుకోలేదు. కంటికి పెట్టేవి మూత తీసిన కొన్ని నెలలకే పాడవుతాయని, ఎండిపోతే పారేయాలే గానీ తడపకూడదని, నోట్లోని క్రిములు తల్లివైనా కంటికి పడవని నిదానంగా చెప్పింది. తన బ్యాగులోంచి ఒక కాటుక డబ్బా తీసి, దాని వెనక మూత తెరిచిన చిన్న సీసా బొమ్మ చూపించింది. అందులో 6M అని ఉంది. తెరిచాక ఆరు నెలలని అర్థమట. ఆ M నేను ఎన్నోసార్లు చూశాను. నైటీల మీద ఉండేలాంటి సైజు అనుకునేదాన్ని.

పుండు పడిందంది. మచ్చ నడిమికి పాకితే చూపు పోవచ్చంది. మానాక గానీ ఏ సంగతీ తెలియదంది.

గంటగంటకూ చుక్కలు వేశాను. పాముకు, పిడుగుకు, బస్సుకు, అన్నిటికీ భయపడినదాన్ని. ఇప్పుడు ఏమీ అనిపించడం లేదు. ఫ్యాను తిరుగుతుంటే చూస్తూ కూర్చుంటున్నాను. మా ఆయన ఎర్రిస్వామి గొర్రెలను తమ్ముడికి అప్పగించి వచ్చాడు. ఇడ్లీ పొట్లం విప్పి నా ముందు పెట్టాడు. నేను ముట్టలేదు.

"నువ్వు భయపడేది మానేస్తే నాకు భయమైతాండాది" అన్నాడు.

మచ్చ గట్టిపడిందన్న రోజున డాక్టరమ్మ అంజలి కుడికన్ను అరచేత్తో మూసింది. ఎదురుగా ఏముందో చెప్పమంది. నేను గోడ వైపు చూశాను.

"అమ్మ" అంది అంజలి.

అమ్మ ఇక్కడే ఉంటుందని నీకు తెలుసు కదా, ఎలా ఉందో చెప్పమంది డాక్టరమ్మ.

"బొట్టు పెట్టుకోలేదు."

నుదురు తడుముకున్నాను. ఆసుపత్రికి వచ్చినప్పటి నుంచీ పెట్టుకోనేలేదు. ఆయన గబుక్కున బయటికి వెళ్ళిపోయాడు. మచ్చ నడిమికి పాకలేదని, పక్కనే ఆగిందని, చుక్కలు మాత్రం ఇంకొన్నాళ్ళు మానొద్దని డాక్టరమ్మ చెబుతోంది. వింటున్నాను. సంతోషం రావాలి. ఎక్కడో ఆగిపోయింది.

మేం బయటికి వచ్చేసరికి ఆయన గేటు బయట అంగట్లో బొట్టుబిళ్ళల అట్ట కొని నా చేతికిచ్చాడు. తిప్పి చూశాను. ఆ సీసా బొమ్మ లేదు. ఇవి ఎప్పటివని అంగడాయనను అడిగాను.

"బొట్టుబిళ్ళలక్కా. పాలనుకుంటివా ఇరిగిపోనీకి?" అన్నాడు.

అంజలి నా చేతిలోంచి అట్ట లాక్కుంది. ఒక బిళ్ళ ఊడదీసి, మునివేళ్ళ మీద నిలబడి నా నుదుటికి అంటించింది. అది కొంచెం పక్కకు పోయింది. కంటి వల్ల పోయిందా, నేను తల కదిలించడం వల్ల పోయిందా అని అడగలేదు. సరిచేసుకోనూ లేదు.