ముందు తమరు దిగండి

రంగులక్క తమ్ముణ్ణి మురికి తొట్టిలోంచి కొక్కెం వేసి పైకి లాగారు. ఒంటిమీద చిన్న దెబ్బ కూడా లేదు. పెదాలు మాత్రం నీలంగా ఉన్నాయి. మిల్లు మేనేజరు దూరంగా నిలబడి, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, శవాన్ని ఒకసారి చూసి తీర్పు చెప్పేశాడు.

"తాగి దిగుంటాడు."

రంగులక్క ఆ అద్దకం మిల్లులోనే నూలుకి రంగులు వేస్తుంది. మోచేతులదాకా ఎప్పుడూ ఏదో ఒక రంగు అంటుకునే ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఆమె తమ్ముడు సోడా తప్ప ఇంకోటి ముట్టి ఎరగడు. అక్కడున్న అందరికీ ఆ సంగతి తెలుసు. అయినా ఒక్కరూ నోరు విప్పలేదు. ఆమె తమ్ముడి ముఖానికంటిన బురదని పైటతో తుడుస్తూ కూర్చుంది.

కూలివాడు చస్తే కారణం వెతకడంలో ఈ దొరలకి ఎంత చురుకో! తాగాడు, తొందరపడ్డాడు, చెప్పిన మాట వినలేదు. పోయినవాడు లేచొచ్చి కాదనడు కదా. శవం మిల్లు దాటిందో లేదో గోడమీద కొత్త బోర్డు వెలిసింది: "మీ భద్రత మీ చేతుల్లోనే". బోర్డుకి రంగు ఆరకముందే, తొట్టిలో బురద తీయించాలి, ఇంకొకడెవడైనా దిగాలని మేనేజరు కబురు పెట్టాడు.

తమ్ముణ్ణి సాగనంపిన మర్నాడే రంగులక్క పనికొచ్చింది. మధ్యాహ్నం తిండివేళ అందరూ బాయిలరు దగ్గర చేరారు. ఆమె గిన్నె మూత తీయలేదు.

"మా వాణ్ణి చంపిందేంటి?" అంది.

"తలరాత తల్లీ" అన్నాడు నూలు మోసే పెద్దాయన.

"ఆ తలరాత తొట్టి అడుగునే ఎందుకు కూర్చుంది మామా? ఆఫీసు గదిలో ఫ్యాను కింద కూర్చోవచ్చుగా?"

ఎవరో నవ్వబోయి మింగేశారు.

"విషగాలి" అన్నాడు బాయిలరు నడిపే మనిషి. "బురద కదిలిస్తే లేస్తుంది."

"కుళ్ళిన గుడ్డు కంపు కొడుతుంది. కాసేపటికి ఆ కంపు కూడా తెలీదు. నేనొకసారి బయటపడ్డాను" అంది నేల ఊడ్చే ఆవిడ.

"గాలి కొట్టించాక దింపాలి. లోపలి గాలిని పరీక్ష చెయ్యాలి. నడుముకి తాడుండాలి, పైన మనుషులుండాలి. ఇవన్నీ వాళ్ళకి తెలీకనా? గాలి చూసే మీటరు కూడా కొన్నారు. తనిఖీకి వచ్చినవాళ్ళకి చూపించడానికి అద్దాల బీరువాలో దాచారు!" అన్నాడు బాయిలరు మనిషి.

ఆ మాటతో అందరి నోళ్ళూ తెరుచుకున్నాయి. అడ్డు లేకుండా తిరిగే బెల్టు, తడి నేలమీద పాకే కరెంటు తీగ, మూత సరిగా పడని యాసిడ్ పీపా. రోజూ పక్కనుంచి నడిచే చావుల్ని ఒక్కొక్కటే వేలు పెట్టి చూపించుకున్నారు.

"ఎదురు తిరిగితే గెంటేస్తారే. పిల్లలకేం పెట్టను?" అన్నాడొకడు.

"దిగితే ఆ పిల్లలకి నువ్వే ఉండవు కదరా!" అంది రంగులక్క.

తొట్టిలోకి ఎవరూ దిగకూడదనుకున్నారు. మేనేజరు ఈసడింపుగా నవ్వి, బయటినుంచి ఒక మేస్త్రినీ అతని మనుషుల్నీ పిలిపించాడు. ఆ కబురు తెలిసి మిల్లు మిల్లంతా తొట్టి దగ్గరికి వచ్చింది.

మేస్త్రి అప్పటికే గెడతో బురద కదిలించి, చొక్కా గుండీలు విప్పుతున్నాడు. రంగులక్క అడ్డం నిలబడింది.

"అన్నా, ఇందులోకి మా తమ్ముడు దిగాడు. శవాన్ని లాగాం."

మేస్త్రి చెయ్యి ఆగిపోయింది.

"దాని మాట వినకు!" అని అరిచాడు మేనేజరు. "లోపల ఏం లేదు. కాస్త వాసన, అంతే."

"ఏం లేదుగా సారూ? ముందు తమరు దిగండి. వెనకే మేమొస్తాం" అంది రంగులక్క.

"దిగండి, దిగండి!" అంది గుంపు.

ఇంతమందిలో పరువు పోతుందనుకున్నాడో ఏమో, మేనేజరు రుమాలు జేబులో కుక్కి, తొట్టి నోటిమీదికి వంగి, గొప్ప కోసం గుండెలనిండా పీల్చాడు. మోకాళ్ళు మడతపడ్డాయి. తల్లకిందులుగా లోపలికి పోబోతున్నవాణ్ణి రంగులక్క కాలరు పట్టి, బాయిలరు మనిషి బెల్టు పట్టి ఇవతలికి ఈడ్చారు. ముఖాన నీళ్ళు కొడితే దగ్గుతూ కళ్ళు తెరిచాడు.

"పొద్దున్నుంచి మంచినీళ్ళు కూడా తాగలేదు... అందుకే కళ్ళు తిరిగాయి" అన్నాడు.

రంగులక్క అతనివైపు పురుగును చూసినట్టు చూసింది.

"మా తమ్ముడు తాగి పడ్డాడు. తమరు తాగక పడ్డారు. తొట్టిది మాత్రం ఏ తప్పూ లేదు!"

జనం గొల్లుమన్నారు. విషగాలికి పాలిపోని ముఖం ఆ నవ్వుకి పాలిపోయింది.

మనిషి చస్తే రాని పోలీసు జీపు మేనేజరుకి కళ్ళు తిరిగితే పరుగెత్తుకొచ్చింది. తొట్టిలోకి తోసి చంపబోయిందని రంగులక్కమీద కేసు.

"కాలరు పట్టి బతికించినందుకా?" అంది.

"స్టేషన్లో చెప్పుకో" అన్నాడు ఎస్సై.

ఆమె తల వంచకుండా జీపెక్కింది. మేనేజరుకి గొంతు తిరిగొచ్చింది.

"చూస్తారేంట్రా? ఇంక దిగండి!"

మేస్త్రి చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. తొట్టివైపు కాకుండా జీపువైపు నడిచి, "జరుగు చెల్లీ" అని ఆమె పక్కన కూర్చున్నాడు. వెనకే అతని మనుషులు ఎక్కారు. బాయిలరు ఆగింది, మిల్లు మూగబోయింది. ఊడ్చే ఆవిడ, నూలు మోసే పెద్దాయన, పిల్లలకేం పెట్టనన్నవాడు, అందరూ జీపును చుట్టుముట్టారు. దిగమన్నచోట దిగనివాళ్ళు ఎక్కమననిచోట ఎక్కుతున్నారు.

"ఇంతమందిని ఎక్కడ పెట్టాలిరా?" అని కేకేశాడు ఎస్సై.

"మాకేం తెలుసు? ఇంకా చాలామంది వస్తున్నారు" అంది రంగులక్క.