గౌరి ఇంటి ఐసు ట్రే

తను ముట్టుకుంటే ఊరగాయ నిజంగా పాడవుతుందా అన్న అనుమానం హైమవతికి కాపరానికి వచ్చిన కొత్తలో మొదలైంది. ఇరవై ఏళ్లు దాటినా ఎవరినీ అడగలేదు. అడగదగ్గవాడు పూజగదిలోని స్వామి ఒక్కడే. నెలనెలా ఆ మూడు రోజులూ ఆయన గుమ్మం తొక్కకూడదు. మిగతా రోజుల్లో ఆయన్ని ఇబ్బంది పెట్టడం ఎందుకని ఊరుకునేది.

మయూర్ విహార్ ఫ్లాటులో విడిగా కూర్చోవడానికి చోటెక్కడిది? అందుకని అత్తగారు రాజేశ్వరమ్మ ఢిల్లీకి తగ్గట్టు ఓ సర్దుబాటు చేసింది. ఆ మూడు రోజులూ హైమ గిన్నెలు తోమవచ్చు, బట్టలు ఉతకవచ్చు, వంట కూడా చేయవచ్చు. పూజగదీ, ఊరగాయ జాడీ, ఫ్రిజ్ మాత్రం ముట్టుకోకూడదు. ఒళ్లు వంచి చేసే పని దేనికీ మైల అంటదన్నమాట.

ఢిల్లీలో ఆమె చూసిన మొదటి మే నెలలో, ఆ మూడు రోజులూ కుళాయిలో వచ్చే వేడినీళ్లే తాగుతుంటే పక్కింటి బెంగాలీ ఆవిడ గౌరి బాల్కనీలోంచి చూసింది. అల్యూమినియం ట్రే నిండా ఐసు గోడ మీదుగా అందించింది. "రఖ్ లో బెహన్, ఉంచుకో. ట్రే తర్వాత ఇద్దువులే" అంది. ఒకరింటి గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదు కదా, ఐసు నింపి ఇద్దామనుకుంది హైమ. "చేపలు తినేవాళ్ల ట్రే మన ఫ్రిజ్‌లోనా?" అంది అత్తగారు. ట్రే అటకెక్కింది. గౌరి ఎన్నడూ అడగలేదు. మెట్ల మీద ఎదురైనప్పుడల్లా హైమే తల దించుకునేది.

ఈ వేసవికి రాజేశ్వరమ్మకు పేగులో కాన్సర్. డాక్టరు కొత్త మందు మొదలుపెట్టాడు. గడ్డ తనకు తిండి కావాలని ఒంటికి కబురు పెడుతుందట, ఒళ్లు కాదనలేక కొత్త రక్తనాళాలు వేసి ఇస్తుందట. ఈ మందు ఆ దారులు మూసేస్తుంది. కాదనలేని ఒళ్లు అన్న మాట హైమకు చాలా రోజులు మనసులో తిరిగింది. మందు వల్ల ముసలామెకు అప్పుడప్పుడూ ముక్కులోంచి రక్తం కారేది. తుడిచేది హైమే, ఏ రోజైనా. ఆ రక్తం చేతికంటినప్పుడు దూరంగా జరగమని ఎవరూ అనలేదు.

ఆసుపత్రికి వెళ్లాల్సిన రోజుకు ముందురోజు, హైమ భర్త సదాశివరావు మందు సీసాను ఐసు పెట్టెలో తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టాడు. హైమకు అది రెండో రోజు.

"ఒరే సదా, ఈ రాత్రికి ఆ మందు స్వామి పాదాల దగ్గర పెట్టరా. ఆయన చేతిమీదుగా వస్తే గుణమిస్తుంది" అంది తల్లి.

"ఏమండీ, చల్లగానే ఉండాలన్నారు కదా" అంది హైమ వంటింట్లోంచి.

"నువ్వు దూరంగా ఉండు. అసలే ఈ రోజు" అంది అత్తగారు.

రాత్రంతా తలుపు మూసిన పూజగదిలో, అఖండదీపం పక్కన, ఆ ఉక్కలో ఉంది మందు. తెల్లవారాక తిరిగి ఫ్రిజ్‌లో పెట్టాడు.

ఆసుపత్రిలో నర్సు సీసా చేతిలోకి తీసుకుని, "రాత్రంతా ఫ్రిజ్‌లోనే ఉందా?" అని అడిగింది.

"హా సిస్టర్, బిల్కుల్" అన్నాడు సదాశివరావు.

మంచం మీద అత్తగారు చెయ్యి చాచి పడుకుంది. సూది కోసం చాచిన ఆ చేతికి పొద్దున స్నానం చేయించింది హైమే.

"లేదు సిస్టర్. రాత్రంతా బయటే ఉంది" అంది హైమ.

"అచ్ఛా. అయితే ఇది ఎక్కించం" అంటూ నర్సు దాన్ని పక్కన పెట్టింది. ఆసుపత్రి మందుల దుకాణంలో మరొకటి తెప్పించి ఎక్కించారు.

బయట వరండాలో సదాశివరావు అక్కయ్యతో ఫోన్లో మాట్లాడుతున్నాడు. "ఏం చెప్పనక్కా, హైమకి ఆ మూడు రోజులు కదా. చెయ్యి తగిలినట్టుంది. మందు పాడైంది." గొంతులో కోపం కూడా లేదు. ఎండలు మండిపోతున్నాయని చెప్పినంత మామూలుగా చెప్పాడు. ఫ్లాస్కు పట్టుకుని వెనకే నిలబడ్డ హైమకు అరికాళ్ల నుంచి మంట లేచింది. పాడైన ఊరగాయలన్నీ, పులిసిన పెరుగంతా, అన్నీ ఇలాగే తన పద్దులో పడ్డాయన్నమాట. ఆ మందు మీద తన చెయ్యి పడనే లేదు. పడి ఉంటే మందు బాగుండేది.

ఇంటికొచ్చి అత్తగారిని పడుకోబెట్టింది. అటక మీంచి ట్రే దించి, కడిగి, నీళ్లు పోసి, ఫ్రిజ్ తలుపు బార్లా తీసింది.

"ఏమే, ఈ రోజు..."

"మూడో రోజే అత్తయ్యగారూ. ఇకమీదట మీ మందు పెట్టేదీ నేనే, తీసేదీ నేనే. ఏ రోజైనా సరే."

"అమ్మకి ఒంట్లో బాగాలేనప్పుడా నీ పంతాలు?" అన్నాడు సదాశివరావు.

"బాగాలేదనే. మీ అక్కయ్యకి ఫోన్ చేసి నిజం చెప్పండి. మీరు చెప్పకపోతే నేను చెప్తాను."

అతను తల్లి వంక చూశాడు. ముసలామె కళ్లు మూసుకుంది. హైమ పూజగది గుమ్మం దగ్గర కాసేపు నిలబడింది. స్వామి ఎప్పటిలాగే ఉన్నాడు.

సాయంత్రం పక్కింటి తలుపు తట్టింది. గౌరి జుట్టు ఈ ఏళ్లలో పూర్తిగా నెరిసింది. ట్రేని ఎగాదిగా చూసింది. "యే కిస్‌కా హై?"

"మీదే దీదీ. చాలా ఆలస్యమైంది."

అచ్చుల నిండా ఐసు ఉంది.