ఒంటి వేడి

ముక్కుకి కొంగు కట్టుకుని, గాజుపెట్టె అడుగున పరిచిన కాగితాలను నాంచారమ్మ రేకుముక్కతో గీకి తీసింది. పాము పెంట సున్నంముద్దలా తెల్లగా, అంచుల్లో పచ్చగా అంటుకుపోయి ఉంది. చేపల మధ్య పుట్టి పెరిగిన మనిషి, ఏ నీచుకంపుకీ జంకదు. ఈ కంపుకి మాత్రం రోజూ మొహం పక్కకి తిప్పుకుంటుంది.

మూలన చుట్ట చుట్టుకున్న కొండచిలువ రెప్పలేని కళ్ళతో ఆమెనే చూస్తోంది. రొయ్యల మేత వ్యాపారంలో పైకొచ్చిన వెంకటపతి దాన్ని మద్రాసు నుంచి తెప్పించాడు. ఇంటికొచ్చినవాళ్ళు దాన్ని చూసి నోళ్ళు వెళ్ళబెడితే ఆయనకదో సరదా.

పెట్టెలో వేడి చూసుకోవడం నాంచారమ్మ పని. లోపల గడియారం లాంటి మీటరు ఉంది. ఆమెకు అంకెలు రావని ఇల్లాలు వీరదుర్గ దాన్ని పైకి తెప్పించుకుని గోళ్ళరంగుతో రెండు గీతలు గీసింది. ముల్లు వాటి మధ్యే ఉండాలి. దిగితే బల్బు వెయ్యాలి, ఎక్కితే ఆర్పాలి. ఒకసారి పాము బల్బుకి ఆనుకుని, చర్మం బొబ్బలెక్కుతున్నా కదలకుండా పడుకుంది. మందు పూసింది నాంచారమ్మే. ఆ జిగురు వేళ్ళకి అంటుకున్నట్టే ఉండి, రెండు పూటలు ముద్ద నోట పెట్టలేకపోయింది.

ఆ రోజు బందరులో డిసెంబరు తుపాను. తెల్లవారకముందే కరెంటు పోయింది. కాసేపటికి ఇన్వర్టరూ చతికిలబడింది.

"మీ అయ్యగారు గుడివాడలో ఇరుక్కుపోయారే. రోడ్డు మీద చెట్లు పడ్డాయంట. దీన్నేం చేద్దాం?" మెట్ల మీద నుంచే అడిగింది వీరదుర్గ. పాము ఉన్న గదిలో ఆవిడ అడుగుపెట్టదు.

"సీసాల్లో వేణ్ణీళ్ళు పోసి పెడతానండి."

సీసాలకు గుడ్డలు చుట్టి పెట్టింది. ముల్లు లేచింది. నీళ్ళు చల్లారగానే దిగింది. మళ్ళీ కాచింది, మళ్ళీ పెట్టింది. మధ్యాహ్నానికి గ్యాసు అయిపోయింది.

వీరదుర్గ ఫోను మాట్లాడి వచ్చి, ఆమె మొహం చూడకుండా చెప్పింది. "గోనెసంచిలో వేసి ఒళ్ళో పెట్టుకోమంటున్నారే మీ అయ్యగారు. ఒంటి వేడి చాలంట."

"నావల్ల కాదమ్మగారూ."

వీరదుర్గ పైకి వెళ్ళిపోయింది.

నాంచారమ్మ గుమ్మంలో కూలబడింది. డెబ్భైఏడు ఉప్పెనలో, దివిసీమలో, మొగుణ్ణి నీళ్ళు లాక్కుపోయాక ఆమె ఓ తుమ్మచెట్టెక్కింది. పాలు తాగే కూతుర్ని చీరతో గుండెలకు కట్టుకుంది. నీళ్ళకు కొట్టుకొచ్చిన పాములన్నీ ఆ చెట్టే ఎక్కాయి. చీకట్లో ఒకటి ఆమె నడుము మీదుగా పాకి, ఆమెకీ పిల్లకీ మధ్య దూరింది. కొమ్మ వదిలితే ఇద్దరూ పోతారు. వదల్లేదు. పిల్ల ఏడుపు ఆగింది. పాదాలు చల్లబడ్డాయి, తర్వాత పొట్ట. ఆమె ఒంటి వేడి లాక్కుని పాము మాత్రం వెచ్చగా ఉండిపోయింది. తెల్లారి నీళ్ళు తీశాక దాని దారిన అది జారిపోయింది. పిల్ల పోయిందని ఊరందరికీ తెలుసు. పాము సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. అప్పట్నించీ తన ఒళ్ళంటే తనకే రోత.

లేచి పెట్టెలో చెయ్యి పెట్టింది. ఎప్పుడూ బుస్సుమని తల వెనక్కి లాక్కునే పాము కదల్లేదు. ఆ చల్లదనం ఆమెకు తెలుసు.

చావనీ అనుకుంది. గట్టిగానే అనుకుంది. వీధి తలుపు దాకా వెళ్ళింది. గడియ మీద చెయ్యి వేసి నిలబడి, తనను తాను తిట్టుకుంటూ వెనక్కి వచ్చింది. తన చేతికింద ఇంకో ప్రాణం చల్లబడుతుంటే చూడటం ఆమెకు చేతకాలేదు.

పామును గోనెసంచిలోకి ఎత్తి, ఒళ్ళో పెట్టుకుని చీర కప్పింది. చాలాసేపటికి ఆ బరువు మెల్లగా కదిలి, పొట్టను వెతుక్కుని ఒత్తుకుంది. గొంతుదాకా వచ్చిన వాంతిని మింగింది. "నీ జిమ్మడ! కదలకు," అంది పళ్ళ బిగువున. చీకటి పడేదాకా అలాగే కూర్చుంది.

కరెంటు వచ్చిన కాసేపటికే కారు వచ్చింది. వెంకటపతి వెనక ఒక స్నేహితుడు ఉన్నాడు.

"కోడి పొదిగినట్టు పొదిగావే నాంచారమ్మా! రా బావా, చూద్దువుగాని," అని పగలబడి నవ్వాడు వెంకటపతి. "ఇంక కరెంటు పోయినా మనకి బెంగ లేదు."

ఆమె నవ్వలేదు. పామును పెట్టెలో దించి, బల్బు వేసి, ముల్లు గీత చేరేదాకా నిలబడింది. తర్వాత పెరట్లోకి వెళ్ళి, వానలోనే బోరింగు కొట్టుకుని, పొట్టా రొమ్మూ ఇటుకముక్కతో ఎర్రబడేలా తోముకుంది. ఇంటికెళ్ళే చీర కట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"వెళ్తున్నానండి. రేపట్నించి రాను."

వెళ్ళొస్తానని అననందుకు వీరదుర్గ ఉలిక్కిపడింది. "అదేంటే? ఏమైంది?"

"ఒళ్ళు కంపరంగా ఉందమ్మగారూ."

చెప్పులు చేత్తో పట్టుకుని, మోకాటిలోతు నీళ్ళలో వీధి మలుపు తిరిగింది. మళ్ళీ ఆ ఇంటి ఛాయలకు రాలేదు.

పెరట్లో తీగ మీద ఆమె విప్పేసి పిండకుండా వేలాడదీసిన నీలం నేతచీర, వాన వెలిశాక కూడా చాలాసేపు నీళ్ళు కారుతూనే ఉంది.