కాగితం అంటించని స్టార్

చర్ల చర్చి వెనక గదిలో శనివారం శనివారం పిల్లలు కూడేవారు. అందరూ ఆ ఏడు ఇంట్లో ఎవరినో పోగొట్టుకున్నవాళ్లే. నర్సు ఫ్లోరెన్స్ వాళ్లకు రంగులు, జిగురు, మట్టి ఇచ్చి, నోటితో చెప్పలేనిది చేతులతో చెప్పమనేది. ఒకరు మట్టితో దవాఖానా మంచం చేశారు, ఒకరు కాగితం నిండా నలుపు పూశారు. తొమ్మిదేళ్ల ఆరాధన మాత్రం ఇచ్చిన కాగితాన్ని ఇచ్చినట్టే తిరిగిచ్చేది.

మొండితనం కాదు పాపం. వానాకాలం జ్వరంతో తల్లి సంపూర్ణ పోయినప్పటి నుంచి ఆ పిల్లకు లోపల ఏమీ అనిపించడం లేదు. ఒక్కసారి కూడా ఏడుపు రాలేదు. పెడితే తింటుంది, పొమ్మంటే బడికి పోతుంది. ఎంత బుద్ధిమంతురాలో అని అందరూ మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు పాడుగాను! అమ్మ మీద తనకు ప్రేమ లేదేమోనని ఆ పిల్ల లోలోపల భయపడుతుంటే ఒక్కరూ కనిపెట్టలేదు.

డిసెంబరు వచ్చింది. ఫ్లోరెన్స్ వెదురు బద్దలు, రంగు కాగితాలు తెచ్చి గది మధ్యలో పోసింది.

"క్రిస్మస్ స్టార్లు చేద్దాం. ఎవరిది వాళ్లు ఇంటికి తీస్కపోయి కట్టుకోండి."

ఒక్క చెయ్యీ కదలలేదు.

"మా ఇంట్ల ఈ ఏడు కట్టరక్కా," అన్నాడు అన్నను పోగొట్టుకున్న మార్కు. "సావైన ఇల్లు గదా."

"మాది గూడ," అన్నారు మిగతావాళ్లు.

ఫ్లోరెన్స్ నాలిక కరుచుకుంది. చావైన ఇంటి ముందు ఆ ఏడాది స్టార్ వెలగదని ఆమెకు తెలియక కాదు. తెలిసి తెలిసి, అలాంటి ఇళ్ల పిల్లలనే ఏరి కూర్చోబెట్టి ఈ పని చెప్పింది. "సోయి లేకుండ తెచ్చినరా, తప్పయింది," అంటూ బద్దలు ఎత్తబోయింది.

ఆరాధన ఒక బద్ద పట్టుకుని వదల్లేదు.

ఏటా అమ్మ బద్దలు వంచేది, తను కొసలు పట్టుకునేది. అమ్మ దారం వాడేది కాదు, పాత చీర అంచు చింపి రెండేసి ముళ్లు వేసేది. ఆరాధన జడ రిబ్బన్ విప్పి, చింపి, అలాగే ముళ్లు వేసింది. స్టార్ నిలబడింది.

"కాగితం అంటించవా?" అంది ఫ్లోరెన్స్.

"లైటు పెట్టరు గదక్కా. కాగితమెందుకు?"

"ఏమనిపిస్తుందిరా?"

"ఏమనిపిస్తలేదు."

సాయంత్రం తండ్రి బెంజమిన్ ఆటో తీసుకొచ్చాడు. తిడతాడేమోనని ఆరాధన స్టార్‌ను వెనక దాచింది. అతను అందుకుని, ఆ ముళ్లను వేలితో తడిమి, దాన్ని పక్కన పెట్టుకుని ఆటో నడిపాడు. ఇంటికి పోయాక వాకిట్లో కాకుండా లోపల, సంపూర్ణ పడుకునే చోట గోడకు మేకు కొట్టి తగిలించాడు.

"నాన్నా, కాగితం అంటించొద్దా?"

"ఈ ఏడు వద్దు బిడ్డా. వచ్చే ఏడు మనిద్దరం కలిసి అంటిద్దాం."

ఈ ఏడు లేదు, ఈ ఏడు లేదు అని అందరూ అంటుంటే, వచ్చే ఏడు అన్నీ మామూలుగా ఉంటాయనే ఆ పిల్ల అనుకుంది.

"మనిద్దరమేనా?"

బెంజమిన్ తల వంచుకున్నాడు.

అప్పుడు వచ్చింది ఏడుపు. ఇరుగుపొరుగు పరుగెత్తుకొచ్చేంత ఏడుపు. వాళ్లు ఊరుకోబెట్టబోతే బెంజమిన్ అడ్డం చెయ్యి పెట్టాడు.

"నాకు అమ్మ గావాలె," అంటూ ఆరాధన అతని చొక్కా పట్టుకుని గుంజింది.