డబ్బాలో మామిడితోట

కోతలు మొదలయ్యాయంటే చాలు, ముసునూరు రోడ్డు పక్క మామిడికాయల షెడ్డు దగ్గర సువర్ణరాజు తన బయస్కోపు డబ్బా దించేవాడు. ఏ కాగితం ఇచ్చినా అందులో పెట్టేవాడు. అద్దానికి మొహం ఆనిస్తే మనిషి లోపలి తోటలో ఉండేవాడు. ఆ కాగితం తలుపంత పెద్దదై కొమ్మకి వేలాడుతూ ఉండేది. ఒకరు పెళ్లి ఫొటో తెచ్చేవారు, ఒకరు సినిమా పాంప్లెట్టు. రేషన్ కార్డు పెట్టించుకుని, తన పేరు అంతెత్తున చూసుకుని మురిసిపోయిన మహానుభావుడూ ఉన్నాడు. "లోపల ఎండగా ఉందండీ, తలగుడ్డ చుట్టుకోండి," అనేవాడు సువర్ణరాజు. వరస దగ్గర తగువులే తప్ప వింతపడినవాళ్లు లేరు.

షెడ్డులో కాయలు సర్దే భాగ్యవతి మాత్రం ఆ ఛాయలకి వెళ్లేది కాదు. పోయిన మొగుడు నరసింహులుకి ఒక్క ఫొటో అయినా లేదు మరి.

అతను చెట్టెక్కి కోస్తే ఆమె కింద గోనెపట్టా పట్టేది. పైనున్నవాళ్లు "ఉన్నావా?" అనాలి, కిందివాళ్లు "ఊఁ" అనాలి, అప్పుడే కాయ వదలాలి. అక్కడి పద్ధతి అది. దగ్గు ముదిరి ఆస్పత్రిలో పడుకున్న ఆఖరి పూట కూడా అతను "ఉన్నావా?" అన్నాడట. భాగ్యవతి అప్పుడే కాఫీ తేవడానికి బయటికి వెళ్లింది. పక్క మంచం ఆవిడ చెబితే తెలిసింది. ఆనాటి నుంచి ఆమె గోనెపట్టా ముట్టలేదు.

ఇప్పుడు అక్కడే కాయలు కోసే ఆంజనేయులు మారుమనువు అడుగుతున్నాడు. మంచివాడు. కాదనడానికి కారణం లేదు, అవుననడానికి నోరు రావడం లేదు.

"రేపు ఉంగుటూరు వెళ్లిపోతున్నాడంట ఆ అబ్బాయి. ఏదో ఒకటి చెప్పవే తల్లీ," అంది అత్త అచ్చమ్మ. "నా కొడుకు పోయాడని నువ్వూ పోతావా ఏంటి?"

భాగ్యవతి ఇంటికెళ్లి, ఆస్పత్రిలో నరసింహులుకి తీసిన రొమ్ము ఎక్స్‌రే చూరులోంచి తీసి తెచ్చింది.

"ఇది పెడతావా అన్నయ్యా?"

"ఇందులో మొహం ఉండదమ్మా," అన్నాడు సువర్ణరాజు.

"తెలుసు. పెట్టు."

లోపల రెండు కొమ్మల మధ్య ఎక్స్‌రే వేలాడుతోంది. పక్కటెముకల నీడ నేల మీద పడుతోంది. భాగ్యవతి వెళ్లి ఆ నీడలో నిలబడింది. ఆ రొమ్ము మీద తల పెట్టుకుని ఎన్ని రాత్రులు నిద్రపోయిందో! మళ్లీ ఒక్కసారి అలా పడుకోవాలని ప్రాణం కొట్టుకుపోయింది.

ఎముకల వెనక నుంచి వినిపించింది. "ఉన్నావా?"

భాగ్యవతి కొంగు చాపి, "ఊఁ," అంది. "ఇక్కడే ఉన్నాను."

కాయ పడింది.

మొహం వెనక్కి తీసేసరికి కొంగులో చిన్నరసం పండు ఉంది, ఇంకా ఎండ వేడితో. ఎక్స్‌రేలో ఎముకలు లేవు. వట్టి నల్లరేకు మిగిలింది.

"తీసుకెళ్తావా అమ్మా?"

"వద్దన్నయ్యా."

పండు తెచ్చి అచ్చమ్మ చేతిలో పెట్టింది. "నీ కొడుకు పంపించాడత్తా."

అచ్చమ్మ కళ్లు తుడుచుకుని, అక్కడే కూర్చుని, టెంక దాకా చప్పరించింది.

షెడ్డు వెనక తోటలో చివరి చెట్టు మీద ఆంజనేయులు కాయలు కోస్తున్నాడు. కింద పట్టే మనిషి బీడీ ముట్టించుకోవడానికి అవతలికి వెళ్లాడు. ఆ సంగతి తెలియక ఆంజనేయులు పైనుంచి, "ఉన్నావా?" అని కేకేశాడు.

అప్పుడే అక్కడికి వచ్చిన భాగ్యవతి గోనెపట్టా ఎత్తి చాపి పట్టుకుంది.

"ఊఁ," అంది.

ఆ గొంతు పోల్చుకున్నాడు కాబోలు, పైన కొమ్మలు కదల్లేదు. కాసేపటికి, చాలా నెమ్మదిగా, ఒక కాయ దిగింది.