ఊనా బెగోనియా

ఆస్ట్రేలియాలో, బెండిగోలోని ఆ వృద్ధాశ్రమంలో జూలై చలికి హీటర్లు రేయింబవళ్లు వేసే ఉంచుతారు. కిటికీలకు తాళాలు వేస్తారు. ఆ పొడి వేడిలోనే అక్కడుంటున్న నెరీడా పెంచుకునే బెగోనియా పూలమొక్కకు, ఆకుల రసం పీల్చే ఎర్రనల్లి పట్టింది. చనిపోయిన చెల్లెలు ఊనా ఇచ్చిన ఆకు నుంచి మొలిచిన మొక్క అది. ఊనా పెంచినవాటిలో మిగిలింది అదొక్కటే.

నెరీడా మందు అడిగింది. గదుల్లో మందు చల్లడం నిషిద్ధమన్నారు. హీటరు తగ్గించమంది. దాని మీట ఆఫీసులో ఉందన్నారు. అందుకని ఆమె తడిగుడ్డతో ఒక్కొక్క ఆకు అడుగుభాగమూ రోజూ తుడిచింది. భూతద్దంలో నల్లులు తగ్గుతూ కనిపించాయి. అంతలో దగ్గు ముదిరి నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండవలసివచ్చింది.

తిరిగి వచ్చేసరికి కుండీ హీటరు మీద ఉంది.

"దీన్నిక్కడ ఎవరు పెట్టారు, లోసానా?"

"నేనే పెద్దమ్మా!" అంది ఫిజీ నుంచి వచ్చిన ఆ పరిచారిక. "మీరు లేరు కదా, పాపం చలికి వణుకుతుందేమోనని. చూడండి, ఎంత హాయిగా ఉందో!"

"హాయిగా ఉన్నది మొక్క కాదు, దాన్ని తినేవాళ్లు."

"అబ్బ, మీ నోటికో దండం! మధ్యాహ్నం మేనేజరమ్మ తనిఖీకి వస్తుంది. పురుగు కనబడితే చెత్తబుట్టే."

మొగ్గల మధ్య నల్లులు సాలెపురుగుల్లా సన్నని గూళ్లు అల్లుకున్నాయి. ఎంత వెతికినా శుభ్రమైన ఆకు ఒక్కటే దొరికింది. నెరీడా దాన్ని కత్తిరించి, అదైనా వేరు వేస్తుందని నీళ్ల గ్లాసులో నిలబెట్టి, చల్లని చోటు కోసం గదంతా చూసింది. చల్లగా ఉన్నది కిటికీ అద్దం ఒక్కటే; దాని గట్టు కిందే హీటరు ఉంది.